బయోటెక్నాలజీ పీజీ అయిపోవస్తోంది. పరిశోధనలో మొదటి అడుగులకి ఇది ఎంతవరకు అక్కరకొస్తుంది?

ప్రశ్న అడిగినవారు: చివరి_సెమిస్టర్

రెండేళ్ల ఎంఎస్సీ బయోటెక్నాలజీలో చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ఆరు నెలల ప్రాజెక్టు నడుస్తోంది. ఒక ఎంజైమ్‌ని ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారు చేయించి, కాలమ్ మీద శుద్ధి చేసి, దాని పనితీరు కొలవడం నా పని. తర్వాత పీహెచ్‌డీ చేయాలని గట్టిగా అనుకున్నాను. కానీ కిందటి వారం నుంచి మనసు కుదురుగా లేదు.

ఒక ల్యాబ్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాను. ఏమేం వచ్చు అని అడిగారు. పీసీఆర్, క్లోనింగ్, ప్రొటీన్ ప్యూరిఫికేషన్, వెస్టర్న్ బ్లాట్, కొంచెం సెల్ కల్చర్, కొంచెం బయోఇన్ఫర్మాటిక్స్ అని వరసగా చెప్పాను. ఆయన అంతా ఓపిగ్గా విని, "బాగుంది. ఇవన్నీ వాడి ఏం తెలుసుకోవాలని ఉంది?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఏదో చెప్పాను, ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

బయటికొచ్చాక ఆలోచిస్తే, నిజంగానే నా దగ్గర జవాబు లేదు. ఇమ్యునాలజీ ఒక సెమిస్టర్, జెనెటిక్ ఇంజినీరింగ్ ఒక సెమిస్టర్, బయోప్రాసెస్ ఒకటి, మొక్కల టిష్యూ కల్చర్ ఒకటి. అన్నీ తెలుసు, ఏదీ లోతుగా తెలియదు. బయోకెమిస్ట్రీ చదివిన నా ఫ్రెండ్ ఒక్క ఎంజైమ్ కుటుంబం గురించి గంటసేపు మాట్లాడగలడు. నేను దేని గురించీ అంతసేపు మాట్లాడలేను.

ఈ డిగ్రీ నన్ను వెనక్కి లాగుతుందా? పీహెచ్‌డీకి ముందు ఒక ఏడాది ఎక్కడైనా ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేస్తే మంచిదా? ల్యాబ్‌ని ఎంచుకునేటప్పుడు అక్కడి టెక్నిక్ చూడాలా, టాపిక్ చూడాలా? ఈ దారిలో నడిచినవాళ్లు చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

జవాబు: నాకౌట్_లేన్

మీ ఇంటర్వ్యూ సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేనూ బయోటెక్ పీజీనే. పీహెచ్‌డీ అయ్యింది, ఇప్పుడు పోస్ట్‌డాక్‌గా రెండో ఏడాది. ఆయన మిమ్మల్ని అడిగిన ప్రశ్న నన్ను పీహెచ్‌డీ మూడో ఏడాది దాకా ఎవరూ అడగలేదు. ముందే అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ డిగ్రీ మనకి చేతులనిస్తుంది. అది చిన్న విషయం కాదు. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో, వేరే సబ్జెక్టుల నుంచి వచ్చిన నా తోటివాళ్లు ప్రైమర్ డిజైన్ దగ్గరే తడబడుతుంటే, నేను మూడో వారానికల్లా మొదటి కన్‌స్ట్రక్ట్‌ని (కావాల్సిన జన్యువు అతికించిన డీఎన్‌ఏని) సీక్వెన్సింగ్‌కి పంపించాను. మా గైడ్ అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకెంత తీపిగా అనిపించిందంటే, అక్కడే రెండేళ్లు ఉండిపోయాను. ల్యాబ్‌లో ఎవరికి ప్లాస్మిడ్ (జన్యువుని మోసే గుండ్రటి డీఎన్‌ఏ) కావాలన్నా నా బెంచీ దగ్గరికే వచ్చేవాళ్లు. పొద్దున డీఎన్‌ఏని కత్తిరించే డైజెషన్, మధ్యాహ్నం అతికించే లిగేషన్, సాయంత్రం దాన్ని బ్యాక్టీరియాలోకి ఎక్కించే 42 డిగ్రీల హీట్ షాక్, మర్నాడు ప్లేట్ మీద కాలనీలు. అలా ఆ రెండేళ్లలో 31 కన్‌స్ట్రక్టులు కట్టాను. తర్వాత నోట్‌బుక్ తిరగేసి లెక్కపెడితే, నా సొంత పని కోసం కట్టినవి 4. మిగతావన్నీ వేరేవాళ్ల ప్రశ్నల కోసం.

ఎవరినీ తప్పు పట్టడం లేదు. వాళ్లు అడిగారు, నేను చేశాను. చేస్తుంటే సంతోషంగా కూడా ఉండేది, ఎందుకంటే క్లోనింగ్‌లో సాయంత్రానికి ఏదో ఒకటి తేలుతుంది. కాలనీ వచ్చిందో రాలేదో తెలిసిపోతుంది. ప్రశ్న వెంట పడితే అలా తేలదు. బయోటెక్ నుంచి వచ్చినవాళ్లు టెక్నిక్ దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. తెలివి తక్కువై కాదు, రెండేళ్ల కోర్సులో మనకి మార్కులు పడింది చేయడానికి. ప్రాక్టికల్ క్లాసులో ప్రశ్న ఎప్పుడూ టీచర్‌దే, జవాబు ముందే తెలిసిందే. బ్యాండ్ రావాల్సిన చోట వస్తే పాస్.

అదే అలవాటుతో నేను ఎలా దెబ్బతిన్నానో చెప్తాను, కొంచెం పెద్ద కథ.

నా థీసిస్ ఒక ప్రొటీన్ మీద. కణాలకి ఒత్తిడి కలిగిస్తే (మేం పోషకాలు తగ్గించేవాళ్లం) ఆ ప్రొటీన్ పెరుగుతుందని నా లెక్క. దాని సైజు 52 కిలోడాల్టన్లు. కొన్న యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి, కావాల్సినదాన్ని యాంటీబాడీతో పట్టే పరీక్ష) చేస్తే సరిగ్గా ఆ చుట్టుపక్కలే బ్యాండ్. ఒత్తిడి పెట్టిన లేన్‌లో అది చిక్కగా, మామూలు లేన్‌లో పలచగా. ఎన్నిసార్లు చేసినా అంతే. ఎనిమిది నెలలు దాని మీదే కట్టుకుంటూ పోయాను. పోస్టర్ కూడా పెట్టాను.

మూడో ఏడాది కమిటీ మీటింగ్‌లో ఒక ప్రొఫెసర్, మెత్తని మనిషి, ఒక్క మాట అడిగారు. "ఆ బ్యాండ్ ఆ ప్రొటీన్‌దే అని ఎలా తెలుసు?" సైజు సరిపోయిందన్నాను. యాంటీబాడీ కాగితంలో కూడా అలాగే ఉందన్నాను. ఆయన తలూపి, "జన్యువు తీసేసిన కణాల్లో చూశారా?" అన్నారు.

చూడలేదు. జన్యువుని కత్తిరించే క్రిస్పర్ నా చేతిలోనే ఉంది, దానికి దారి చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏలు కట్టడం నాకు రెండు రోజుల పని. అయినా ఆ ఆలోచనే రాలేదు. ఆరు వారాల్లో నాకౌట్ కణాలు తయారు చేశాను. ఒక్కో కణాన్నీ విడదీసి పెంచి, సీక్వెన్సింగ్‌లో జన్యువు రెండు కాపీలూ చెడిపోయాయని రూఢి చేసుకున్నాను. తర్వాత బ్లాట్.

ఆ సాయంత్రం ఇమేజర్ ముందు నేనొక్కదాన్నే ఉన్నాను. మెంబ్రేన్ మీద రసాయనం పోసి, ఒక నిమిషం ఆగి, డబ్బా మూసి బటన్ నొక్కాను. తెర మీద మొదట బూడిద రంగు, తర్వాత మెల్లగా గీతలు తేలాయి. మామూలు కణాలు: బ్యాండ్ ఉంది. ఒత్తిడి పెట్టినవి: చిక్కటి బ్యాండ్. నాకౌట్: అదే చోట, అంతే చిక్కగా, అదే బ్యాండ్. లేన్లు తారుమారు చేశానేమోనని జెల్ ఫొటో తీసి చూశాను. అన్ని లేన్లలో ప్రొటీన్ సమానంగా పడిందో లేదో చెప్పే లోడింగ్ కంట్రోల్ చూశాను. అంతా సరిగ్గానే ఉంది. ఆ యాంటీబాడీ ఎనిమిది నెలలుగా పట్టుకుంటున్నది వేరే ఏదో ప్రొటీన్‌ని. నా ప్రొటీన్‌ని నేను అసలు ఒక్కసారి కూడా చూడలేదు.

రెండు రోజులు ల్యాబ్‌కి వెళ్లలేదు. మూడో రోజు వెళ్లి కొత్త నోట్‌బుక్ తీసి, ప్రతి ప్రయోగం పేజీ మీదా మొదటి లైనుగా ఒకటే రాయడం మొదలుపెట్టాను: "నేను అనుకున్నది తప్పైతే ఏం కనిపించాలి?" ఈ లైనుకి జవాబు రాయలేకపోతే ఆ ప్రయోగం ఆ రోజు చేసేదాన్ని కాదు. ఇప్పటికీ అంతే.

తర్వాత ఏం చేశానో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. పనికొచ్చే యాంటీబాడీ దొరకలేదు. కాబట్టి కణాల్లోని అసలు జన్యువు చివరే ఒక చిన్న ట్యాగ్ అతికించాను, ఆ ట్యాగ్‌ని పట్టుకునే నమ్మకమైన యాంటీబాడీతో చూశాను. ప్రొటీన్ మోతాదు ఒత్తిడికి పెరగనే లేదు. కానీ అది ఉన్నచోటు మారింది, కేంద్రకంలోకి వెళ్లిపోయింది. నా థీసిస్ అదే అయ్యింది. ఆ ట్యాగ్ అతికించే పని ఏడు వారాల్లో అయిపోయిందంటే పీజీలో, తర్వాత ఆ 31 కన్‌స్ట్రక్టుల్లో అరిగిన చేతుల వల్లే. డిగ్రీ నన్ను వెనక్కి లాగలేదు. దాన్ని దేనికి వాడాలో నాకు ఆలస్యంగా తెలిసింది.

టెక్నికా, టాపికా అన్నారు కదా. గ్రీన్ ఫ్లోరసెంట్ ప్రొటీన్ సంగతి చూడండి. ఒసాము షిమోమురా 1962లోనే దాన్ని జెల్లీఫిష్ నుంచి వేరు చేశారు. 1992లో డగ్లస్ ప్రాషర్ దాని జన్యువుని క్లోన్ చేశారు. మార్టిన్ చాల్ఫీ పనిచేసేది ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు మీద. దాని ఒళ్లంతా గాజులా పారదర్శకం. స్పర్శ తెలిసే నరకణాల్లో జన్యువులు ఎలా పనిచేస్తాయన్నది ఆయన ప్రశ్న. దాన్ని బతికున్న పురుగులోనే చూడాలని కోరిక. ఆ కోరిక ముందే ఉంది కాబట్టి, మెరిసే ప్రొటీన్ ఒకటుందని ఒక సెమినార్‌లో వినగానే ఆయన పట్టేసుకున్నారు. 1994లో పేపర్ వచ్చింది, 2008లో నోబెల్. అదే సెమినార్ గదిలో ఆ మాట విన్నవాళ్లు ఇంకా ఉండే ఉంటారు కదా. అందుకే నేనైతే టాపిక్ చూడమంటాను. టెక్నిక్ మీకు ఆర్నెల్లలో వస్తుంది. వచ్చే చేతులు మీకు ఉన్నాయి.

ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఏడాది గురించి: వెళ్లండి, కానీ చేరేముందే "ఈ ఏడాదిలో నాదంటూ ఏ చిన్న ప్రశ్న ఉంటుంది?" అని అడగండి. జవాబు తడుముకుంటే మీరు అక్కడ 31 కన్‌స్ట్రక్టులు కడతారు. ఇంకొకటి, ఆ ల్యాబ్ విద్యార్థుల్ని విడిగా కలిసి "తర్వాతి ప్రయోగం ఏమిటో ఎవరు నిర్ణయిస్తారు?" అని అడగండి. రెండో ఏడాది వాళ్లు కూడా "గైడ్ చెప్తారు" అంటే ఆలోచించుకోండి.

జవాబు: ఫెర్మెంటర్_పక్కన

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక్క విషయంలో విభేదిస్తాను. "అన్నీ తెలుసు, లోతు లేదు" అని మీరు బాధపడుతున్నారు. ఆ వెడల్పు ఎప్పుడు అక్కరకొస్తుందో ముందే చెప్పలేం.

నేను ఎంజైముల నిర్మాణం చదివే ల్యాబ్‌లో చేరాను. అందరూ భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం వాళ్లు, నాకంటే ఎంతో లోతున్నవాళ్లు. కానీ వాళ్లకి ప్రొటీన్ చాలేది కాదు. ఒక లీటరు ఫ్లాస్క్‌లో 600 మిల్లీలీటర్ల మీడియా పోసి తిప్పేవాళ్లు, ఎక్కువ పోస్తే ఎక్కువ వస్తుందని. పీజీలో బయోప్రాసెస్ పేపర్‌లో ఆక్సిజన్ బదిలీ లెక్కలు చేసి ఉన్నాను కాబట్టి నాకు అది చూడగానే తెలిసింది: గాలికి తగిలే పైభాగం తక్కువ, లోపలి బ్యాక్టీరియాకి ఊపిరాడటం లేదు, అసిటేట్ పేరుకుపోతోంది. అదే ఫ్లాస్క్‌లో 200 పోశాను. మొత్తం మీద ప్రొటీన్ ఎక్కువే వచ్చింది. ఆ పేపర్ చదివేటప్పుడు నాకు పరమ విసుగు, పరీక్ష కోసం బట్టీ పట్టాను. ల్యాబ్‌లో నాకు గౌరవం తెచ్చిపెట్టింది అదే.

మీ ఎంజైమ్ కరగకుండా అడుగున పడుతుంటే 37 డిగ్రీల దగ్గర ఇండ్యూస్ చేయకండి (అంటే ప్రొటీన్ తయారీ మొదలుపెట్టించకండి). 18కి దించి, ఆ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ పదో వంతుకి తగ్గించి, రాత్రంతా వదిలేసి చూడండి. అన్ని ప్రొటీన్లకీ పనిచేయదు గానీ, ముందు ప్రయత్నించాల్సింది ఇదే.

జవాబు: మూడు_ట్యూబులు

నాకౌట్_లేన్ గారూ, మీ బ్లాట్ కథ మా ల్యాబ్‌లో చదివి వినిపించాను. ప్రాషర్ విషయంలో మాత్రం ఒక చిన్న చేర్పు. ఆయనకీ ప్రశ్న ఉంది. ఆ ప్రొటీన్‌ని కణాల్లో గుర్తుగా వాడొచ్చని ఆయన ముందే అనుకున్నారు. నిధులు అయిపోయాయి, పని ఆపాల్సి వచ్చింది. క్లోన్‌ని అడిగినవాళ్లకి పంపి ఆ రంగం వదిలేశారు. కాబట్టి టాపిక్ చూడమన్నప్పుడు, ఆ ల్యాబ్‌కి ఇంకా ఎన్నేళ్లకి నిధులున్నాయో కూడా అడగమని చెప్పాలి. అడగడానికి మొహమాటపడకండి, మంచి గైడ్ దాచరు.

ఇంకొక మాట, మా పీజీల్లో సరిగ్గా నేర్పనిది: గణాంకాలు. నా మొదటి పేపర్‌లో ఒకే ఫ్లాస్క్ నుంచి మూడు ట్యూబులు తీసి, మూడూ కొలిచి, ఎన్ = 3 (అంటే విడివిడిగా మూడుసార్లు చేసినట్టు) అని రాశాను. రివ్యూయర్ ఒక్క వాక్యంలో తిప్పికొట్టారు. మూడు ట్యూబుల్లోనూ ఉన్నది ఒకే కల్చర్, అంటే నేను కొలిచింది నా పిపెట్ ఎంత నిలకడగా ఉందో, ప్రయోగం మళ్లీ చేస్తే అదే జవాబు వస్తుందో లేదో కాదు. వేర్వేరు రోజుల్లో మూడు కల్చర్లు మొదటినుంచీ పెట్టి మళ్లీ చేశాను. ఐదు నెలలు పట్టింది, రెండు గ్రాఫుల్లో ఒకటి నిలబడలేదు. మీ ప్రాజెక్టులో ఇప్పుడే ఇది సరిచూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: చివరి_సెమిస్టర్

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి నాకౌట్_లేన్ అక్క జవాబు రెండుసార్లు చదివి, పొద్దున్నే వెళ్లి నా నోట్‌బుక్ మొదటినుంచీ తిరగేశాను.

రెండు విషయాలు కనబడ్డాయి. ఒకటి, నా జెల్‌లో 43 కిలోడాల్టన్ల దగ్గర లావు బ్యాండ్ ఉంది, అదే నా ఎంజైమ్ అని నాలుగు నెలలుగా నమ్ముతున్నాను. ఖాళీ వెక్టర్ (నా ఎంజైమ్ జన్యువు లేని ప్లాస్మిడ్) ఉన్న బ్యాక్టీరియాని అదే జెల్‌లో ఒక్కసారీ నడపలేదు. ఈ రోజే కల్చర్ పెట్టాను.

రెండోది చూసి నాకే ఆశ్చర్యం వేసింది. శుద్ధి చేసిన ఎంజైమ్ ఫ్రిజ్‌లో రెండు రోజులుంచితే దాని పనితీరు సగానికి పడిపోతోంది. మా సీనియర్ "ఎప్పటికప్పుడు తాజాగా తీసుకో, సరిపోతుంది" అన్నారు, అలాగే చేస్తున్నాను. కానీ నోట్‌బుక్‌లో మార్జిన్లో మూడుచోట్ల, మూడు వేర్వేరు నెలల్లో, పెన్సిల్‌తో నేనే రాసుకున్నాను: "ఎందుకు పోతోంది?" ఇంటర్వ్యూలో ఏం తెలుసుకోవాలని ఉంది అన్నప్పుడు ఇది గుర్తే రాలేదు. ఇది ప్రశ్నే అని అనుకోలేదు, నా పనిలో లోపం అనుకున్నాను.

అక్కా, ఇంకా రెండు నెలలు టైముంది. దీన్ని పట్టుకోవచ్చా?

జవాబు: నాకౌట్_లేన్

పట్టుకోండి! రెండు నెలలు చాలు. మీ గైడ్‌కి ముందు చెప్పండి, పెన్సిల్ రాతలు ఆ మూడూ చూపించండి.

పనితీరు పోవడానికి నాలుగు దారులు నాకు తోస్తున్నాయి. ప్రొటీన్లని కోసే ప్రొటియేజ్ ఏదైనా మిగిలిపోయి ఎంజైమ్‌ని ముక్కలు చేస్తుండొచ్చు. అలాగైతే జెల్‌లో 43 దగ్గర బ్యాండ్ తగ్గి కింద చిన్న బ్యాండ్లు రావాలి. లేదా అణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దకడుతుండొచ్చు. ఎక్కువ వేగంతో సెంట్రిఫ్యూజ్ చేసి పైద్రవంలో ఎంత ప్రొటీన్ మిగిలిందో కొలిస్తే తెలుస్తుంది. సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) ఆక్సీకరణ చెందుతుంటే, దాన్ని వెనక్కి తిప్పే డీటీటీ కలిపితే పనితీరు కొంతైనా తిరిగి రావాలి. మీ ఎంజైమ్‌కి లోహం అవసరమైతే, శుద్ధి చేసేటప్పుడు బఫర్‌లో లోహాన్ని పట్టేసుకునే ఈడీటీఏ ఉందేమో, లోహం ఊడిపోతోందేమో చూడాలి. ఒక్కోదానికీ "ఇది కాకపోతే ఏం కనిపించాలి" అని ముందే రాసుకుని మొదలుపెట్టండి. మూడు వేర్వేరు రోజుల ప్రిపరేషన్లతో చేయండి, మూడు_ట్యూబులు గారు చెప్పినట్టు.

అన్నిటికంటే ముందు ఖాళీ వెక్టర్ జెల్ ఫలితం రానివ్వండి. 43 మీది కాదని తేలితే మిగతాదంతా మారిపోతుంది. తేలాక ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను. రేపు కాలమ్ నుంచి ఎంజైమ్ దిగగానే కొంచెం తీసి శాంపిల్ బఫర్‌లో మరిగించి మైనస్ 20లో పెట్టేయండి. మొదటి గంట శాంపిల్ పక్కన లేకపోతే రెండో రోజు బ్యాండ్ తగ్గిందో లేదో చెప్పడానికి ఏమీ మిగలదు.